బంగారు పొడి

మూడో ప్రూఫ్‌లోనూ ఎరుపు కాస్తా గోధుమరంగుకే తిరిగింది. కార్డు మీద క్రిస్మస్ చెట్టు, దాని చుట్టూ నవ్వుతున్న ఉద్యోగులు, కింద ‘మనమంతా ఒకే కుటుంబం’ అన్న మాట. ఆ డిజైన్ ప్రవల్లికదే. కార్డులు రేపు విదేశీ క్లయింట్లకు వెళ్లిపోవాలి, ఓకే చెప్పి దగ్గరుండి అచ్చు వేయించాకే రమ్మని మేనేజర్ శేషగిరి ఆమెను పొద్దుటే నోయిడా ఆఫీసు నుంచి పంపించాడు.

ప్రెస్ ఘాజియాబాద్‌లో ఒక బేస్‌మెంట్‌లో ఉంది. గోడల పొడుగునా కాగితం కట్టలు కప్పుదాకా పేర్చారు. ఆడవాళ్లు నేలమీద కూర్చుని, అప్పటికే అచ్చయిన వేరే కంపెనీ కార్డుల్లో చెట్టుకు జిగురు రాసి బంగారు పొడి చల్లుతున్నారు. వాళ్ల కనురెప్పల మీద, ముక్కుల దగ్గర కూడా ఆ పొడే మెరుస్తోంది. సిరా వాసనకు తల తిరిగి, ప్రవల్లిక గాలి కోసం మెట్లెక్కింది. వచ్చినప్పుడు తెరిచి ఉన్న షట్టర్ ఇప్పుడు దించి ఉంది. లేపబోతే కదల్లేదు.

“బయట తాళం, దీదీ,” అంది జిగురు రాస్తున్న సునైనా.

పెద్ద ఆర్డరు వస్తే యజమాని తాళం వేసుకుని పోతాడట. పని అయ్యాకే వచ్చి తీస్తాడట. ఇంకో దారి లేదా అని అడిగితే సునైనా కాగితం కట్టల వైపు చూపించింది. తలుపు వాటి వెనకాల ఉంది. మొన్న దీపావళికి యంత్రం దగ్గర తీగలు అంటుకుంటే తడి గోనెలతో కొట్టి ఆర్పామని, మామూలు సంగతిలాగే చెప్పి మళ్లీ పనిలో పడింది.

ప్రవల్లిక ఆ తీగల వైపు చూసింది. అతుకుల మీది టేపు నల్లబడి ఉంది, అక్కణ్నుంచి సన్నగా కాలుతున్న వాసన వస్తోంది.

మెట్ల మీద నిలబడి శేషగిరికి ఫోన్ చేసింది. మన కాకినాడ పిల్లవని ఆమెను ఉద్యోగంలో పెట్టించింది ఆయనే. అంతా విని ఆయన మెల్లగా అన్నాడు: “వాళ్ల తాళాలు మనకెందుకమ్మా? ముందు ఓకే చెప్పెయ్యి. వచ్చే నెల అప్రైజల్సు, మర్చిపోకు.”



“తాళం తీసేదాకా చెప్పను సార్. తియ్యకపోతే పోలీసులకి ఫోన్ చేస్తాను.”

కింద ఆడవాళ్లకు తెలుగు రాదు. కానీ సునైనా ఆమె ముఖంలోకి చూసి కుంచె కింద పెట్టింది. లేచి వెళ్లి యంత్రం స్విచ్చి ఆపేసింది. మిగతా చేతులూ ఆగాయి.

యంత్రం ఆగినా, ఆ కాలుతున్న వాసన మాత్రం ఆగలేదు.