పదకొండు పేర్ల పేజీ

జొన్నరొట్టె పెనం మీద ఉండగా మా ఆయన కళ్ళు తుడుచుకుంటూ ఇంట్లోకి వచ్చాడు. ఒక చేతిలో పేడాల పొట్లం, చంకలో తువ్వాలులో మూటకట్టిన ఐదు పుస్తకాలు. పుస్తకాలంటే నా థీసిస్ ఐదు ప్రతులు. ఎర్ర రెక్సిన్ అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాల్లో నా పేరు. నాగ్‌పాడాలో బైండింగు దుకాణానికి వెళ్ళి తెచ్చిపెట్టమని పొద్దున అడిగితే, ఎన్నడూ లేనిది, మారు మాట్లాడకుండా సెలవు పెట్టి మరీ వెళ్ళాడు. ఆ రోజు సోమవారం. సాయంత్రం ఐదింటికి యూనివర్సిటీ ఆఫీసు మూసేలోపు అవి ఇవ్వకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దయిపోతుంది. ఎనిమిదేళ్ళ చదువు గంగలో కలిసిపోతుంది.

"మంగళా, నా మీద నీకింత ఉన్నదని నాకు తెల్వనే తెల్వదు," అన్నాడు. "అక్కన్నే నిలవడి సదివిన. బైండింగాయనకు గూడ సదివి ఇనిపించిన."

నా థీసిస్‌లో మా ఆయన అంతకు ముందు ఒక్క పేజీ చదివి ఎరగడు. కామాటిపురా తెలుగు ఆడవాళ్ళ కూలిపని గురించి రాస్తున్నానని తెలుసు, అంతే. రొట్టె తిప్పేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, పైనున్న పుస్తకం తెరిచాను. మొదట్లోనే ఉంది కృతజ్ఞతల పేజీ, ఇంగ్లీషులో, ముచ్చటైన టైపులో. నిరంతర ప్రోత్సాహంతో, మౌన త్యాగంతో నా వెన్నంటి నిలిచిన నా భర్త శ్రీ రాజమల్లు లేకపోతే ఈ పరిశోధన మొదలయ్యేదే కాదు, పూర్తయ్యేదే కాదు అని ఐదు పంక్తులు. ఆ ఐదింటిలో ఒక్కటీ నేను రాసింది కాదు.

నేను శనివారం టైపిస్టు గంగారాంకు రాసిచ్చిన కాగితం వేరు. అందులో మా అంతస్తులోని పదకొండు మంది ఆడవాళ్ళ పేర్లున్నాయి. మా చాల్‌లో, అంటే వరస గదుల బిల్డింగులో, అంతస్తు మొత్తానికి గ్యాలరీ చివర ఒక్కటే నల్లా. తెల్లవారుజామున నాలుగున్నరకు నీళ్ళు వస్తాయి, ఐదున్నరకు పోతాయి. పోయిన దీపావళి తర్వాత ఒకనాడు నేను బకెట్టు కాళ్ళ దగ్గర పెట్టుకుని, వరసలో నిలబడే నాలుగో అధ్యాయం దిద్దుకుంటున్నాను. పక్క గది కిష్టమ్మ వచ్చి నా బకెట్టు లాక్కుంది. "కాయిదాలు తడుస్తయ్. పో, లోపట కూసోని రాస్కో పో," అంది. మర్నాడు చంద్రమ్మ పట్టింది. ఆ మర్నాడు ఇంకొకామె. వాళ్ళలో వాళ్ళే వంతులు వేసుకున్నారు, నన్నొక్క మాట అడగలేదు. నాలుగు నెలలపాటు మా డ్రమ్ము వాళ్ళే నింపారు. నా చివరి మూడు అధ్యాయాలూ ఆ గంటలో రాసినవే. తీరా కృతజ్ఞతలు రాయడానికి కూర్చుంటే తెలిసింది, వాళ్ళలో నలుగురి పేర్లు నాకే తెలియవని. భూమయ్య పెండ్లాం, లస్మయ్య కోడలు, అంతవరకే తెలుసు. ఆడవాళ్ళ మీద పరిశోధన చేస్తున్నదాన్ని! తల కొట్టేసినట్టయింది. గది గదికీ వెళ్ళి అడిగాను. భూమయ్య పెండ్లాం కాసేపు ఆలోచించి, "రత్నాబాయి," అని, ఎందుకో సిగ్గుపడి నవ్వింది.

ఆ పేర్ల తర్వాత మా అత్తమ్మ రాజవ్వకు రెండు పంక్తులు రాశాను. పదిహేనో ఏట నుంచీ ఈ ఊరి మేడల మీద, ఎండలో, ఆడవాళ్ళతో వరసగా కూర్చుని కొయ్య దిమ్మెతో గచ్చు కొట్టిన మనిషి ఆమె. కట్టిన మేడలన్నిటి మీదా శేట్ల పేర్లున్నాయి. రెండో అధ్యాయమంతా ఆమె చెప్పిందే. ఇక ఆఖరున మా ఆయనకు ఒక పంక్తి: ఆదివారం మధ్యాహ్నాలు మా పాపను ఆడించడానికి బాగ్‌కు తీసుకెళ్ళి, నాకు రెండేసి గంటల నిశ్శబ్దాన్ని ఇచ్చిన నా భర్తకు. ఎకసెక్కంగా రాయలేదు. పదడుగుల గదిలో నలుగురం ఉంటాం. రెండు గంటల నిశ్శబ్దం ఎంత గొప్పదో నాకు తెలుసు, మనసారా రాశాను.

టైపు చేసిన పేజీలో ఆ పదకొండు పేర్లూ లేవు. "ఇరుగుపొరుగు వారికి" అని ఒక్క మాట ఉంది. మా అత్తమ్మ కూడా ఆ ఇరుగుపొరుగులోనే కలిసిపోయింది.

నిజం చెప్పొద్దూ, మొదట పోనీలే అనుకున్నాను. మా ఆయన పాప చేతిలో పేడా పెడుతున్నాడు, కళ్ళింకా తడిగానే ఉన్నాయి. పన్నెండేళ్ళ కాపురంలో ఆ మనిషి కళ్ళల్లో నీళ్ళు చూడటం అదే మొదలు. చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు, జీతం తెచ్చి తల్లి చేతికిస్తాడు. నన్ను చదువుకోవద్దనలేదు. వద్దనకపోవడమే ఆయన చేసిన సాయం, ఆ సాయాన్ని ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాడు: "నా మిసెస్‌ను నేనే సదివిపిస్తున్న." ఆరో ఏడు వచ్చేసరికి మాత్రం, "ఇంగ ఒడువలేదా? గిన్ని దినాలకు బిల్డింగే లేస్తది," అన్నాడు. పాపకు జ్వరమొస్తే, "పుస్తకం పక్కన పెట్టి పోరిని సూడరాదు," అన్నాడు, పాప నా ఒళ్ళోనే ఉండగా. మౌన త్యాగమట! మౌనం నిజమే, తెల్లవారుజామున నాలుగున్నరకు ఆయన మౌనంగానే ఉంటాడు, గురక తప్ప. ఇక నేను పాఠాలు చెప్పే మునిసిపల్ బడి హెడ్మాస్టరుంటాడు, "మీరు ఎట్లాగూ గల్లీల్లో తిరిగి రాసుకుంటారు కదా" అని జనాభా లెక్కల పని మొత్తం నా నెత్తినే పడేశాడు. యూనివర్సిటీలో నేనుండేది కామాటిపురా అని చెప్పగానే గైడు గారి గదిలో వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఊరందరికీ సానికొంపల పేటగానే తెలిసిన ఆ పధ్నాలుగు గల్లీల్లో రొట్టెలు కాల్చుకుని, పిల్లల్ని బడికి పంపుకునే వాళ్ళం కూడా ఉంటామని వాళ్ళకు తట్టలేదు. అన్నిటికీ పోనీలే అనుకుంటూనే వచ్చాను. పోనీలే అనకపోతే ఎనిమిదేళ్ళు గడిచేవి కావు. కానీ ఆ పోనీలేలన్నీ నా సొంతానివి. నావి నేను వదులుకోవచ్చు. కిష్టమ్మది వదులుకోవడానికి నేనెవర్ని?

"ఇది నేను రాయలేదు," అన్నాను. "గంగారాం రాసిండు."

మా ఆయన పేడా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మూలన ముంతలో చాయ్ తాగుతున్న మా అత్తమ్మకు పొలమారింది. "ఓరి నీ! గంగారాం ఏడిపిచ్చిండా కొడ్కా నిన్ను?" అని పడీపడీ నవ్వింది. నవ్వు ఆగాక నా వైపు తిరిగి, "నా ముచ్చట ఉన్నదా అండ్ల?" అని అడిగింది.

"లేదత్తమ్మా. తీసేసిండు. కిష్టమ్మోళ్ళ పేర్లు గూడ తీసేసిండు."

ఆమె రెండు మోకాళ్ళు పట్టుకుని లేచి, పెనం దగ్గరకు వచ్చి నన్ను పక్కకు జరిపింది. "రొట్టెలు నేను జేస్త. పిల్ల నా తాన ఉంటది. నువ్వు పో, లవ్‌కర్ పో, జల్ది," అంది. ఇన్నేళ్ళలో నేను ఇంట్లో ఉండగా ఆమె పెనం ముందు కూర్చోవడం నేను చూడలేదు. మా ఆయన ముఖం మాడ్చుకునే ఉన్నాడు, కానీ పుస్తకాలు మళ్ళీ మూటకట్టి చంకన పెట్టుకున్నాడు. నా వెనకే మెట్లు దిగాడు.

గంగారాం దుకాణం ఫోరస్ రోడ్‌లో ఒక బిల్డింగు మెట్ల కింద ఉంటుంది. మనవాడే. మందపాటి కళ్ళద్దాల పెద్దమనిషి, ఇంగ్లీషులో తప్పు పడనివ్వడని పేరు. నేను పేజీ ముందు పెట్టగానే మెచ్చుకుంటాననుకున్నాడు.

"మీరు మర్సిపోయిండ్రు మేడం, నేనే యాద్ జేసి కలిపిన," అన్నాడు. "పద్నాలుగు థీసిస్‌లు కొట్టిన ఇప్పటిదాంక. ఆడోళ్ళయి ఐదు. ఐదింట్ల మొగనికి గిట్లనే ఉన్నది. ఐతారం నాడు పోరిని బాగ్‌కు తీస్కపోయిండని రాస్తే సార్ ఇజ్జత్ ఏం గావాలె?"

సార్ గుమ్మంలోనే ఉన్నాడు. నేల చూపులు చూస్తున్నాడు.

"మరి పేర్లెందుకు తీసేసిండ్రు అన్నా?"

"జాగ సాలలే. గా నీళ్ళు మోసేటోళ్ళ పేర్లు ఎవలు సదువుతరు మేడం?"

నాకు కోపం నషాళానికంటింది. కానీ ఆ వేళ గంగారాంతో పోట్లాటకు దిగితే నష్టపోయేది నేనే. "మొగోళ్ళయి తొమ్మిది కొట్టిండ్రు గదా," అన్నాను మెల్లగా. "అండ్ల పెండ్లాం ముచ్చట రాయనోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

"ఉన్నరు. నలుగురైదుగురు ఉంటరు."

"వాళ్ళకు కలిపిండ్రా?"

"వాళ్ళకెందుకు కలుపుత మేడం? మొగోళ్ళ కాయిదం నేనెట్ల ముడ్తా..." అని, మాట మధ్యలో ఆగిపోయాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని, కాగితాల మధ్య కార్బన్లు సర్దడం మొదలుపెట్టాడు. కట్టిన పుస్తకంలో మార్చగలిగేది ఒక్క ఆకే కాబట్టి అన్నీ ఒక్క పేజీలోనే పట్టాలన్నాడు. పంక్తులు దగ్గర దగ్గరగా కొట్టమన్నాను. నేను పేర్లు ఒక్కొక్కటీ చదివాను, ఆయన కొట్టాడు. శాంతాబాయి దగ్గర అక్షరం తప్పు పడితే, నేను చెప్పకముందే కాగితాలన్నీ పీకేసి మళ్ళీ మొదటి నుంచీ కొట్టాడు.

నాగ్‌పాడాలో బైండింగాయన ఐదు పుస్తకాల్లోనూ ఆ పాత ఆకును అంచు మిగిల్చి కోసి, మిగిలిన అంచు మీద కొత్త ఆకు అతికించాడు. గోందు ఆరడానికి రెండు గంటలు పడుతుందన్నాడు. ఆ రెండు గంటలూ దుకాణం ముందు బల్ల మీద కూర్చున్నాం. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. ఒకటికి రెండుసార్లు నన్ను నేనే తిట్టుకున్నాను కూడా. ఒక్క పేజీ కోసం ఇంత పంతమా అని. కానీ ఆ పేజీ పాతదే ఉంచి వెళ్ళి ఉంటే, మర్నాడు గ్యాలరీలో కిష్టమ్మ ముఖం ఎట్లా చూసేదాన్ని? మూడున్నరకు బస్సెక్కాం. దారంతా పుస్తకాలు ఆయన ఒళ్ళోనే ఉన్నాయి, అట్టలు నలగకుండా రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు.

నాలుగూ ఇరవైకి యూనివర్సిటీ ఆఫీసు కిటికీలో ఐదు పుస్తకాలూ పెట్టాను. గుమాస్తా పేజీలు టపటపా తిప్పి, ముద్ర కొట్టి, రసీదు నా చేతికిచ్చాడు. అంతే. ఎనిమిదేళ్ళు నాలుగు నిమిషాల్లో అయిపోయాయి. బయటకొచ్చి మెట్ల మీద నిలబడ్డాను. నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంది, ఆకలిగానూ ఉంది. పొద్దుటి నుంచీ ఇద్దరం ఏమీ తినలేదు. రోడ్డు మీదే వడాపావ్ కొనుక్కుని తిన్నాం. రెండోది కూడా తిన్నాను.

తిరుగు బస్సులో పైఅంతస్తులో ముందు సీటు దొరికింది. గాలి హాయిగా తగులుతోంది. గంగారాం ఒక కాపీ ఎక్కువ కొట్టి ఇచ్చాడు, అది మా ఆయన జేబులో ఉంది. తీసి, మడత విప్పి, చదవడం మొదలుపెట్టాడు.

"గీ కిష్టమ్మ ఎవలు?"

"మన పక్క ఖోలీ ఆమె."

"ఎల్లయ్య పెండ్లామా? ఆమె పేరు కిష్టమ్మనా?" అన్నాడు. గోడకు అటు పక్క పన్నెండేళ్ళుగా ఉన్న మనిషి. "గీ రత్నాబాయి?"

"భూమయ్య పెండ్లాం."

ఒక్కొక్క పేరు దగ్గరా ఆగి అడిగాడు, నేను చెప్పాను. ఎవరెవరు ఏ రోజు నీళ్ళు పట్టారో కూడా అడిగాడు, అదీ చెప్పాను. తల్లి పేరున్న పంక్తులు రెండుసార్లు చదివాడు. ఆఖరి పంక్తి దగ్గరకొచ్చి, దాని కింద వేలు పెట్టి కాగితం నా వైపు తిప్పాడు. కోపం లేదు గొంతులో. చిన్నబుచ్చుకున్నట్టుంది, అంతే.

"అందరి పేర్లు ఉన్నయ్. నాదే లేదు," అన్నాడు. "ఖాలీ మంగళ మొగడు అన్నట్టే ఉన్నది."

"పన్నెండేండ్ల సంది ఈ చాల్‌ల నేను రాజమల్లు పెండ్లాన్నే," అన్నాను. "నాకేమన్న అయ్యిందా? మీకు గూడ ఏం గాదు."