విడని జడ

బావ బతుకు బావమరిది కోరతాడని సామెత కట్టినవాడికి మైకు లాంటి బావమరిది ఉండి ఉండడు. చేతికి మైకు దొరికితే వదలడని వాడికి ఆ పేరు. దర్జీ భార్యకు తమ్ముడు, ఉత్సవ కమిటీకి పెద్ద.

దర్జీ కొట్టు వెనక పెరడు మామగారిది. ఇరవయ్యేళ్లుగా దర్జీ అక్కడే జడకోలాటం నేర్పుతున్నాడు. పైనుంచి వేలాడే ఎనిమిది తాళ్లు, ఎనిమిది మంది. ముందుకు ఆడితే తాళ్లు జడగా అల్లుకుంటాయి, అవే అడుగులు వెనక్కి వేస్తే విడిపోతాయి. మామగారు పోయాక పెరడు మైకు పేరున పడింది. కారు షెడ్డు వేస్తానని ఏడాదిగా ఒకటే గోల. అక్క కళ్లనీళ్లు పెట్టుకుంటే ఒక మాటకు వచ్చాడు.

"ఈ పండగకి నీ ఆట జనం మెచ్చితే పెరడు నీకే వదిలేస్తా బావా. అభాసుపాలైతే గోడే!"

"రాసిస్తావా?"

"నోటిమాట చాలదా?"

"నీ నోటికేం, దానికి కరువెప్పుడొచ్చింది!"

తీరా పండగ మధ్యాహ్నం ఏడో తాడు పట్టే వడ్రంగి కాలు బెణికింది. ఒక మనిషి తగ్గితే జడ పడదు. డోలూ పాటా దర్జీవే, ఆయన దిగడానికి లేదు.

"నేనున్నాగా, చిన్నప్పట్నుంచీ చూస్తున్నా," అని మైకు చొక్కా చేతులు మడిచాడు.

"ఒడ్డున కూచుని చూస్తే ఈత వస్తుందట్రా?"

"సరే, ఆపేయ్. ఆగినా అభాసే మరి."

 దర్జీ డోలు అందుకున్నాడు.

ముందున్న వీపు చూసుకుంటూ మైకు ఎలాగో నెట్టుకొచ్చాడు. జడ నిండుగా దిగింది. జనం ఈలలు వేశారు. దర్జీ గుండె కాస్త కుదుటపడింది.

"తిరుగు!" అని కేకేశాడు.

ఏడుగురూ తిరిగారు. మైకు మాత్రం ఫోన్లు పట్టుకున్న వాళ్లకు చెయ్యూపుతూ, నవ్వుతూ, అలాగే ముందుకు నాలుగడుగులు వేశాడు. తాళ్లు మెలిపడ్డాయి. లాగినకొద్దీ ముడి బిగిసింది. ముందు పిల్లలు నవ్వారు, తర్వాత అందరూ. దర్జీ నిచ్చెనెక్కి గోళ్లు ఊడేలా పీకాడు. ముడి రాలేదు. కింద జనం పలచబడ్డారు.

"చూశావా బావా, ఎంత అభాసయిందో!"

"తప్పు తిరిగింది నువ్వురా!"

"నేర్పింది నువ్వేగా!"

 దర్జీ భార్య మంచినీళ్ల చెంబు నిచ్చెన పక్కన పెట్టి ఇంటికి వెళ్లిపోయింది.

నాలుగోనాడు తాపీమేస్త్రి వచ్చి పెరడు కొలిచాడు. గోడ లేచాక ఆటవాళ్లు ఒకరిద్దరు వచ్చి చూశారు కానీ, ఇక ఎక్కడ ఆడదామని ఎవరూ అడగలేదు. పెరడు పొడవు ఇరవై నాలుగు అడుగులు, వెడల్పు పంతొమ్మిది. దర్జీకి పోయింది నాలుగు వందల యాభై ఆరు చదరపు అడుగుల నేల.