ఎర్రకోటు లొంగిపోయిన మంగళవారం

ఒకటో దండు వాళ్ళ డప్పు కోట వాకిట్లో మోగేసరికి గవర్నరుగారు చెబుతున్న కథ మధ్యలో ఆగిపోయింది.

గవర్నరంటే ఎవరో కాదు, మన అరబాయే. ఒంటి మీద ఎర్రకోటు, నెత్తిన మూడు మూలల టోపీ, బొగ్గుతో దిద్దుకున్న మీసం. ఎదురుగా బస్సెడు మంది సందర్శకులు. వాళ్ళతో పాటే చేతులు కట్టుకుని నిలబడ్డాడు జిల్లా కౌన్సిల్ నుంచి వచ్చిన ఆర్కాగారు. మొదటి రోజు గొడవ లేకుండా గడిస్తే వేషాలు కట్టి కోట చూపించే పని ఎసియానో ఊరివాళ్ళకే ఉంటుందట. తేడా వచ్చిందా, రాజధాని నుంచి అద్దె నటులు దిగుతారట. పొద్దున్నే మొహం మీదే చెప్పేశాడు మహానుభావుడు.

"చెప్పానా లేదా?" అన్నాడు పక్కనే నిలబడ్డ ఎబో పళ్ళ బిగువున. తెల్ల సిపాయి వేషం వాడిది, ఎర్రకోటు మాత్రం తొడగనన్నాడు. "ఎరుపు వాళ్ళది, ఓ మాట అడిగి కుట్టించవే అక్కా అని చెప్పానా లేదా?"

"నోర్మూసుకుని ఆ తుపాకీ సరిగ్గా పట్టుకో!"

చెప్పాడు. పాపం, నోరు నొప్పెట్టేలా చెప్పాడు. దండులంటే తాతల నాడు ఊరిని కాచిన జట్లు, ఒక్కోదానికి ఒక్కో రంగు. ఎసియానోలో ఒక దండు రంగు ఇంకో దండు మనిషి ఒంటి మీద కనపడితే తలలు పగిలిన రోజులున్నాయి. తండ్రిది ఏ దండైతే పిల్లలదీ అదే. అరబా తండ్రి రెండో దండులో డప్పు కొట్టినవాడు, కాబట్టి ఆమెది నీలం. కానీ ఇంగ్లీషు సిపాయిలు తొడుక్కున్నది ఎర్రకోటేనాయె! ఎప్పుడో చచ్చి మట్టైపోయిన తెల్లోడి కోటుకి కూడా ఇంకొకరి అనుమతా అని ఆమెకి ఒళ్ళు మండింది. బిగదీసుకుని కూర్చుంది, అడగలేదు.

అదీగాక, అడగాల్సింది ఎవర్నో కాదు, సొంత మేనమామని. ఎజిర్ మావయ్య ఒకటో దండుకి పెద్ద. ఆదివారం ఆదివారం ఆయనింట్లో కూర్చుని ఒకే కుండలో చారు పోసుకుని తింటుంది. అమ్మ పోయాక ఈమెకి తల్లీ తండ్రీ ఆయనే. దండు విషయం వచ్చేసరికి మాత్రం మామా లేడు, కోడలూ లేదు.

అప్పటిదాకా అంతా బ్రహ్మాండంగా నడిచింది. బానిసల్ని కుక్కిన నేలమాళిగలో ఆటలు ఉండకూడదని కోటూ టోపీ బయటే విప్పి పెట్టి, అందరితో పాటు తనూ మౌనంగా నిలబడింది. పైకొచ్చి మళ్ళీ తొడుక్కుని, ఫిరంగుల పక్కన నిలబడి, ఊరివాళ్ళు ఈ కోటని ముట్టడించిన కథ ఎత్తుకుంది. కథలో ఊరు ఓడిపోతుంది. నిజంగానూ ఓడిపోయింది మరి, ఏం చేస్తాం? సరిగ్గా అప్పుడే డప్పు మోగింది. మంగళవారం సముద్రానికి సెలవు. పడవలన్నీ ఒడ్డునే, మగాళ్ళంతా ఊళ్ళోనే. దండు దండంతా తెడ్లు పట్టుకుని వచ్చేసింది.

"ఏమే! విప్పు ఆ కోటు!" తలకి ఎర్రగుడ్డ చుట్టుకుని మావయ్య గుమ్మంలోంచి అరిచాడు. "మా రంగు నీ ఒంటి మీదేంటి?"

"ఇది తెల్లోడి కోటు మావయ్యా!"

"ఏడీ తెల్లోడు? నాకు మా చెల్లెలి కూతురే కనపడతోంది. బొగ్గు పూసుకుంటే పోల్చుకోలేననుకున్నావా?"

సందర్శకులు పడీ పడీ నవ్వారు. కోట గోడెక్కి చూస్తున్న రెండో దండు కుర్రాళ్ళకి మాత్రం నవ్వు రాలేదు. "విప్పకక్కా! విప్పావంటే మనం ఊళ్ళో తలెత్తుకోలేం!" అని గోడ మీంచి కేకలేశారు. వాళ్ళూ తెడ్లు అందుకున్నారు. ఆర్కాగారు పోలీసులకి చేద్దామని జేబులోంచి ఫోను తీశాడు.

విప్పితే తన దండుకి తలవంపులు, వాళ్ళు ఊరుకోరు. విప్పకపోతే కొట్లాట. ఎటు చూసినా ఈ పని పోయినట్టే. అరబాకి ఏడుపు తన్నుకొచ్చింది.

కిందికి చూసింది. గుమ్మంలో మావయ్య, వెనకాల డప్పు, ఆ వెనక ఊరు. అప్పుడు తట్టింది. ఓరి నాయనో, ఇందాకట్నుంచీ తను చెబుతున్నది ఈ ముట్టడి కథే కదా!

గబగబా ఫిరంగి గట్టెక్కి, నడుం మీద చేతులేసుకుని, గవర్నరు గొంతుతో ఒక్క గద్దింపు గద్దించింది.

"ఎవడ్రా అది, నా గుమ్మంలో! ఎరుపు కావాలా? మీ తాతలూ వచ్చారు. ఏం చేశారు? ఫిరంగి మోగగానే తోక ముడిచారు!"

డప్పు టక్కున ఆగిపోయింది. మావయ్య మొహం కందగడ్డయింది.

"అయిపోయాం. చంపేస్తారక్కా," అని గొణిగాడు ఎబో.

అరబా మావయ్య కళ్ళలోకే చూస్తోంది. రా మావయ్యా, దండం పెడతాను, రా అని మనసులోనే వేడుకుంది. ఆయన ఆమెని చూశాడు, కోటు చూశాడు, ఫిరంగులు చూశాడు. మీసాల చాటున ఏదో కదిలింది.

"మా తాతలు తోక ముడిచారా? కొట్టరా డప్పు!"

ఇంకేముంది! దండంతా మెట్లెక్కేసింది. ఎబో కొయ్య తుపాకీ ఎత్తి నోటితోనే ఢాం అని, ఎవరూ కొట్టకుండానే వెల్లకిలా పడి చచ్చిపోయాడు. మావయ్య రొప్పుతూ గట్టెక్కాడు. అరబా టోపీ తీసేసి, మోకాళ్ళ మీద కూర్చుని, కోటు విప్పి రెండు చేతులా పట్టుకుంది.

"గవర్నరు లొంగిపోయాడు. ఎరుపు మీదే. తీసుకోండి."

రెండో దండు తల వంచలేదు, తెల్లోడు వంచాడు. ఆ సంగతి ముందు గోడ మీది కుర్రాళ్ళకే వెలిగింది. "లొంగిపోయాడ్రోయ్! తెల్లోడు లొంగిపోయాడ్రోయ్!" అని తెడ్లు గాల్లోకి ఎగరేశారు. చేపలు కాల్చే ఆడవాళ్ళు గెలుపు గుర్తుగా తెల్ల రుమాళ్ళు ఊపుతూ పరుగెత్తుకొచ్చారు. సందర్శకుల చప్పట్లకి చెవులు గింగుర్లెత్తాయి.

మావయ్య కోటు అందుకున్నాడు. "మా తాత ఈ గుమ్మం దాటలేకపోయాడే అమ్మా," అన్నాడు మెల్లగా. ఆయన ఏడ్చాడు. ఈమె కూడా ఏడ్చింది, మీసం చెదిరి చుబుకం దాకా కారిపోయింది.

ఆర్కాగారు ఫోను జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. "బాగుంది కానీ, మీరు నాకు చెప్పిన కథలో కోట పడదు కదమ్మా?"

"పడింది, చూళ్ళేదా?" అన్నాడు మావయ్య కోటు భుజాన వేసుకుని. "ఈ పని మా ఊరిదా కాదా? అది తేల్చు."

"మీదే, మీదే! కానీ ప్రతి మంగళవారం పడాలి."

"అంటే ప్రతిసారీ వాళ్ళేనా గెలిచేది?" రెండో దండు కుర్రాళ్ళు లంకించుకున్నారు. "వచ్చే వారం సముద్రం వైపు గోడ మాది!"

"ముందెక్కినోడిదే కోట, రండ్రా చూసుకుందాం!" అన్నారు ఒకటో దండు వాళ్ళు.

"ఇద్దరూ రండి!" అని గట్టు మీంచి అరిచింది అరబా. "ఎవరు ముందెక్కినా ఒకటే. ఈ ఊళ్ళో ఇంక ఏ మంగళవారమూ తెల్లోడు గెలవడు!"