మెట్ల మీద ఈల

ఆ వీడియో పట్టుమని పది సెకన్లు లేదు. నీళ్ళ క్యాన్లు మోసే పెంటయ్య బతుకును ముంచడానికి అంతకంటే ఎక్కువ అక్కర్లేకపోయింది.

తీసింది రవళి. అమలాపురం నుంచి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు కోసం వచ్చి, అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో ఉంటోంది. ఆ ఆదివారం స్నేహితురాలు సుష్మితను చూడటానికి పక్క సందులో ఉన్న వేరే హాస్టల్‌కి వెళ్ళింది. సుష్మిత స్నానానికి వెళ్తే, రెండో అంతస్తు వరండాలో ఫోన్ చూసుకుంటూ నిలబడింది.

కింది నుంచి ఈల వినిపించింది. పాట కాదు, పొడుగాటి ఈల. అంతే, నైటీల్లో ఉన్న అమ్మాయిలు ఉతుకుతున్న బట్టలు అక్కడే వదిలేసి గదుల్లోకి పరుగెత్తారు. తలుపులు ధడాల్న మూసుకున్నాయి. భుజాన నీళ్ళ క్యాన్‌తో యాభై దాటిన మనిషి మెట్లెక్కుతూ మళ్ళీ ఈల వేశాడు.

రవళి ఒళ్ళు మండింది. ఫోన్ ఎత్తి వీడియో తీసింది. సుష్మిత బయటికి వచ్చేలోగా ఆ వీడియో పంజాగుట్టకు వెళ్ళిపోయింది.

పంజాగుట్టలో ఒక చీరల దుకాణం పైన 'గొంతుక' అనే మహిళా బృందం ఉంది. నడిపేది అనుపమ. బస్సులో ఒకడు రవళి నడుము మీద చెయ్యి వేసిన రోజున, ఇంట్లో చెప్పుకోలేక ఆమె ఏడుస్తూ వెళ్ళింది అక్కడికే. ఆమె మాట అడ్డు చెప్పకుండా విన్న మొదటి మనిషి అనుపమే. అందుకే అనుపమక్క అంటే రవళికి ప్రాణం.

'ప్రతి హాస్టల్లోనూ ఒకడుంటాడు' అని పైన రాసి అనుపమ ఆ వీడియో పెట్టింది. సాయంత్రానికి ఊరంతా చూసింది. మర్నాడు మెట్రో స్టేషన్ కింద ఎవరో కుర్రాళ్ళు పెంటయ్యను గుర్తుపట్టి, చొక్కా చింపి, నేల మీద పడేసి కొట్టారు. నీళ్ళ ప్లాంటు యజమాని ఇక పనికి రావద్దన్నాడు. 'గొంతుక'లో గెలిచామని చాయ్ తాగారు. రవళి కూడా తాగింది.

ఆ తర్వాత సుష్మిత ఫోన్ చేసింది. తిట్టలేదు. ఒకసారి హాస్టల్‌కి వచ్చి వార్డెన్‌తో మాట్లాడమంది.

వార్డెన్ నాగేశ్వరి రవళిని కూర్చోమనలేదు.

"ఈల వెయ్యమన్నది నేనే," అంది. "గంట పెడితే పాడైంది. మగమనిషి పైకొస్తుండని పిల్లలకెట్ల తెల్వాలె? ఈల ఇనంగనే లోపటికి పోయి తలుపు పెట్టుకుంటరు. ప్లంబరొచ్చినా గంతే, కరెంటాయనొచ్చినా గంతే. ఫోన్ తీసే చెయ్యి ఉన్నది గని, అడిగే నోరు లేకపాయెనా నీకు?"

రవళి హాస్టల్లో క్యాన్లు మోసేది ఆడమనిషి. ఈ పద్ధతి ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ సంగతి చెప్పబోయింది. చెప్పినా అది సాకులాగే ఉంటుందనిపించి వెనుదిరిగింది.

నేరుగా పంజాగుట్ట వెళ్ళింది. తప్పు జరిగిందని రాద్దామని, పెంటయ్య పేరు మీద పడ్డ మచ్చ తుడుద్దామని అనుపమను బతిమాలింది. అనుపమ అంతా ఓపిగ్గానే విన్నది. కోపం కూడా తెచ్చుకోలేదు.

"నాకూ బాధగానే ఉంది రవళీ. కానీ ఇవాళ మనం వెనక్కి తగ్గితే, రేపు నిజంగా దెబ్బతిన్న అమ్మాయి మాట ఎవరు నమ్ముతారు? నీ మాట ఎవరు నమ్మేవాళ్ళు?"

"ఆయనేం చెయ్యలేదక్కా."

"ఆయన ఒక్కడు. మనం మాట్లాడేది మగాళ్ళ గురించి."

"మనం వీడియో పెట్టింది ఆయన ఒక్కడిదే కదక్కా," అంది రవళి.

పక్కనున్న అమ్మాయిలు రవళి వైపు చూడటం మానేశారు.

అదే రోజు రవళి తన ముఖం చూపిస్తూ ఒక వీడియో పెట్టింది. ఆయన అమాయకుడని, తప్పు తనదని, ఈల ఎందుకు వేశాడో అంతా చెప్పింది. దాంతో ఆయన పరువు తిరిగొస్తుందనుకుంది. 'గొంతుక' వాళ్ళు ఆమెను మగాళ్ళ తొత్తు అన్నారు. ఎంతకు అమ్ముడుపోయావని అడిగారు. ఆ పక్క నుంచి వేరే మంద దిగింది. ఆడవాళ్ళంతా ఇంతేనని, అబద్ధాల పుట్టలని రాస్తూ, రవళి వీడియోకే పైన పెంటయ్య మెట్లెక్కే బొమ్మ అతికించి పంచారు. మొదటిది ఊరు చూస్తే, ఇది రాష్ట్రమంతా చూసింది. ఆయన పరువు మాత్రం ఎవరికీ పట్టలేదు.

నాగేశ్వరిని అడిగి చిరునామా తెలుసుకుని, పెంటయ్య తన భార్య మంగవ్వతో కలిసి రవళి హాస్టల్ గేటు దగ్గరికి వచ్చాడు. కనుబొమ మీద కుట్లు. రవళి చేతులు జోడించబోతే ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"నువ్వు మంచిగనే చెప్పినవు బిడ్డా. గని అది జర తీసెయ్యి. మర్సిపోయినోళ్లు సుత మళ్ల చూస్తుండ్రు నా మొఖం."

మంగవ్వ రవళి వైపు చూడకుండానే అంది. "మా బిడ్డ పింకీ కాలేజీకి పోతలేదు. ఈల వెయ్యమంటుండ్రంట, అందరు."

రవళి ఆయన ముందే వీడియో తీసేసింది. ఎంతమంది దాచుకున్నారో, ఇంకా ఎన్నిచోట్ల తిరుగుతోందో ఆమెకు తెలుసు. ఆయనకు తెలియదు. ఇప్పుడు ఏం పని చేస్తున్నారని మాత్రం అడిగింది.

"సనత్‌నగర్ గోదాముల మూటలు మోస్తున్న. ఆడోళ్లుండరు ఆడ," అని వెళ్ళిపోయాడు.

రవళి గేటు దాటి వాళ్ళ వెనకే మెయిన్ రోడ్డు దాకా నడిచింది. షేర్ ఆటో ఆగింది. వెనక సీట్లో పుస్తకాలతో ఒక అమ్మాయి ఉంది. పెంటయ్య మంగవ్వను ఎక్కించి, తాను ఆగిపోయాడు. జాగా ఉంది రమ్మని డ్రైవర్ కేకేశాడు. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆటో మంగవ్వతో వెళ్ళిపోయింది. తర్వాతి ఆటోలో ఇద్దరు ఆడపిల్లలు. దాన్నీ వదిలేశాడు.

ఇన్‌స్టిట్యూట్లు వదిలే వేళ అది. సందుల్లోంచి అమ్మాయిలు గుంపులుగా వస్తున్నారు. ఆడపిల్ల లేని ఆటో ఇప్పట్లో దొరకదు. పెంటయ్య మెట్రో పిల్లర్‌కు వీపు ఆనించి, వాళ్ళకు దారి వదిలి, తల దించుకుని నిలబడ్డాడు.