నడిమివేలి కొలత

జ్యేష్ఠమాసమున గోదావరి నడుమ ఇసుకతిన్నెలు బయల్పడి పడవలు రేవునకు దూరముగా నిలిచిపోయి ప్రచండమార్తాండకిరణతాపము ప్రొద్దు వాలినను గోడలను వీడక నిలుచు దినములవి. రాజమహేంద్రవరమున నొక సందులో రేకుల కప్పు క్రింద లేతుయంత్రము తిరుగుచుండెను. దాని యెదుట పీటపై కూర్చుండి ఎబొనైటు అను గట్టి రబ్బరు కడ్డీని కలముగా చెక్క నేర్చుకొనుచున్న స్త్రీ పేరు రాజ్యము. వెనుక నులకమంచముపై కూర్చుండి ఆ ధ్వనిని వినుచున్నవాడు ఆమె మామగారగు శోభనాచారి. కలములు చేయుటయే అతని వృత్తి. కన్నులకు శుక్లములు క్రమ్మి ఉలిమొన కానరాకపోవుటచే అతడు లేతు విడిచెను.

ఈ కడ్డీయు చెడినచో లేతును పాతయినుము వానికి ఇచ్చివేయుదునని అతడు ఉదయముననే చెప్పెను. ఆ మాటలో కోపము లేదు. అలసట కలదు.

ఆ యింట కొలబద్ద లేదు. సిరా నిలుచు రంధ్రమును ఎంత లోతు తొలువవలెనో శోభనాచారి వేలితో కొలుచుట వాడుక. తొలుచు బరమా మొనకు కుడిచేతి నడిమివేలి కొనను సరిపెట్టి వేలి మొదట సుద్దగుర్తు ఉంచి ఆ గుర్తు వఱకు తొలిచి పిదప పైభాగమును చెక్కి కట్టకడపట తుదను గుండ్రము చేయవలెను. రాజ్యము తన వేలితో అట్లే చేసెను. పూర్వము ఆమె భర్త నాగలింగము కూడ అట్లే చేసెను. తుద గుండ్రము చేయునప్పుడెల్ల అతని కలములకు చిల్లి పడెడిది. చేయి బరువని తండ్రి అతనిని పీటనుండి లేపెను. నాగలింగము ఇప్పుడు ఆటో నడుపుచున్నాడు.

యంత్రధ్వని ఆగెను.

“పడిందా చిల్లు?” అని ముసలివాడడిగెను.

“పడింది మావయ్యగారూ.”

“నీ మొగుడి చెయ్యే నీకూ వచ్చింది. పెళ్ళిలో పట్టుకున్నప్పుడే అంటుకునుంటది.”

“నేను ఒత్తనే లేదండీ. దూది పట్టుకున్నట్టు పట్టుకున్నాను ఉలిని.”

“వాడూ అదే అనేవాడు. పోనీలే అమ్మా. రేపు ఇనపాయన్ని రమ్మను.”

అరమీద శోభనాచారి పూర్వము చేసిన కలము ఒకటి కలదు. రాజ్యము చీపురుపుల్లను దానిలోనికి దింపి అంచువద్ద విఱిచి ఆ పుల్లనే తాను తొలిచిన కలములో నుంచెను. పుల్ల అంచునకు దిగువగా మునిగిపోయెను. ఆమె మంచము కడకు వచ్చెను.

“మీ చెయ్యోసారి ఇలా ఇవ్వండి.”

పుల్ల అతని నడిమివేలికి సరిపోయెను. ఆ వేలికి గోరు లేదు. గోరున్న చోటును అతని పడుచుతనముననే యంత్రపు పట్టా కొనిపోయెను.

“మీ వేలికి కొన లేదు కదండీ.”

“అదెప్పుడో పోయింది. దాని గొడవ ఇప్పుడెందుకూ?” అని ముసలివాడు పలికెను. పుల్లను తానే తీసికొని వేలి ప్రక్కన నుంచి తడవిచూచెను. మరల తడవిచూచెను.

దీపములవేళకు నాగలింగము ఇల్లు చేరి కాళ్ళు కడుగుకొనెను. తండ్రి పిలిచెను. కొడుకు నడిమివేలిని తన వేలిప్రక్కన నుంచి మొదళ్ళు సరిచేసి కొనవఱకు నిమిరెను. గోరంత మేర కొడుకు వేలు ముందుకు సాగియుండెను.

“నీ చెయ్యి బరువు కాదురా. నా వేలు కురచ.”

నాగలింగము రెండు వేళ్ళను చూచెను. భార్య చేతిలోని చిల్లుపడిన కలమును చూచెను.

“ఇప్పుడు తెలిసిందా నాన్నా? పొద్దున్నుంచీ యాక్సిలేటరు తిప్పి తిప్పి చెయ్యి మొద్దుబారిపోయింది. ఇప్పుడు నిజంగానే బరువు” అని నవ్వి భార్యతో “అన్నం పెట్టు” అనెను. భుజించి గోడవైపు తిరిగి నిద్రించెను.

మరునాడు పాతయినుము వాడు వాకిట నిలిచి కేకవేసెను. లోపల లేతు తిరుగుచుండుటచే వానికి బదులు దొరకలేదు. వాడు బండిని త్రోసికొని పోయెను. నాగలింగము అప్పటికే ఆటోతో వెడలియుండెను. చీపురుపుల్ల దారమున కట్టబడి లేతుప్రక్క మేకునకు వ్రేలాడుచుండెను.

రాజ్యము తుదను గుండ్రము చేసి కలమున సిరా నింపి మామగారి చేతికిచ్చెను. శోభనాచారి దాని తుదను తన కుడి అరచేతిపై నిలిపి సిరాబొట్టు పడునేమోయని వేచియుండెను. బొట్టు పడలేదు.

“మావయ్యగారూ, కారట్లేదు కదా?” అని ఆమె అడిగెను.

“లేదమ్మా” అని అతడనెను. అయినను ఆ చేయి చాలసేపు చాపబడియే యుండెను.