సమానం పడితే కాపలా ఉన్నోళ్లదే

ఆదివారం అన్నాలు తిని కంచాలు తీయగానే మోత్కూరులో అమరేందర్ ఇంట్లో యుద్ధం మొదలవుతుంది. కూతురు మనస్విని ఫ్యాను డబ్బా అట్ట మీద గీసిన ఇంటి పటం పరుస్తుంది. ఒక్కో గది ఒక్కో కోట, చింతగింజలు సైన్యం. దాడి చేసేవాళ్లు రెండు పాచికలు, కాపలా ఉన్నవాళ్లు రెండు పాచికలు వేస్తారు. పెద్ద అంకెను పెద్దదానితో, చిన్నదాన్ని చిన్నదానితో పోల్చి, తక్కువ పడినవాళ్లు గింజ తీసేయాలి. సమానం పడితే మాత్రం దాడి చేసినవాళ్ల గింజే పోతుంది. గింజలే లేని గదిలోకి పాచికలు వేయకుండానే నడిచిపోవచ్చు. పటంలో గది ఎవరిదైతే ఇంట్లోనూ వాళ్లదే. కరోనా రోజుల్లో తగవులు తీరక పెట్టుకున్న ఈ ఒప్పందాన్ని ఇప్పటిదాకా ఎవరూ మీరలేదు.

వినడానికి న్యాయంగానే ఉంది. కానీ అమరేందర్ పాచికలున్నాయే, అవి అవతలివి ఆగేదాకా ఆగవు. గచ్చు మీద గిరగిరా తిరిగి, మంచం కిందికి పోయి వచ్చి, భార్య మంజులతకు ఏం పడిందో చూసుకుని, తీరిగ్గా అవే అంకెల మీద కూర్చుంటాయి. ఆమెకు ఆరూ అయిదూ అయితే ఆయనకూ ఆరూ అయిదే.

"నాయినా, మంచం కింద ఊడ్చినంక ఎయ్యి. దుమ్మంత తెస్తున్నయి" అంటుంది మనస్విని. అంతకుమించి ఎవరూ ఏమీ అనరు.

మంజులతకు కావలసింది రోడ్డు వైపు గది, అదే అర్ర. మోటార్లకు వైండింగ్ చేసే అమరేందర్, కాలిపోయినవీ సొంతదారులే మరిచిపోయినవీ అన్నీ అందులో పేర్చాడు. ఆమె మగ్గం వర్క్ నేర్చుకుంది. మగ్గం పరిచే చోటు లేక డాబా మీద కుడుతుంది. గాలి లేస్తే పూసలన్నీ పక్కింటి కోళ్ల పాలు. శ్రావణంలో పెళ్లి పెట్టుకున్న ఆలేరువాళ్లు సోమవారం వస్తామన్నారు. కూర్చుని కుట్టే జాగా చూపిస్తేనే రైకలు ఇస్తారట.

అందుకే ఆ ఆదివారం ఆమె పళ్లు బిగబట్టి అర్ర మీదికి దూకింది. సమానం. మళ్లీ దూకింది. సమానం.

"ఏం పాచికలయ్యా ఇవి! గెల్వవు, గెల్వనియ్యవు!" అని పాచికలు అట్టకేసి కొట్టింది. "ఇగ నేను దూక. నా వంటింట్లనే సస్త. నీ మోటర్లకు జాగ సాలకుంటే నువ్వే దూకి తీస్కో!"

వాకిట్లో కొత్తగా వచ్చిన నాలుగు మోటార్లు వానకు తడుస్తున్నాయి. కావలసినవన్నీ ముందే పట్టుకుని కూర్చున్న అమరేందర్‌కు ఎన్నడూ దాడి అవసరం పడలేదు.

"ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న ఓడిన్నా?" అంటూ అర్రలో ఉన్న గింజల్లో రెండు వంటింటి మీదికి తోశాడు.

మంజులతకు రెండూ ఒకటీ పడ్డాయి. ఏది పడ్డా ఆయనే గెలిచేట్టుంది. ఆయన పాచికలు మంచం కిందికి పోయి వచ్చి, రెండూ ఒకటీ మీద కూర్చున్నాయి.

"సమానం. వంటిల్లు అమ్మదే" అని మనస్విని గింజలు తీసేసింది.

"ఇంకోపారి."

సమానం.

"ఎహె, జర సూస్కోని పడుండ్రి!" అని పాచికలనే తిట్టాడు. అవి చూసుకునే పడుతున్నాయి, అదే బాధ.

"నాయినా, అర్రల ఒక్క గింజన్న ఉంచు."

"నువ్వు నోర్మూస్కో!" కోపమొస్తే ఆయనకు వెనకాముందూ కనబడదు. మిగిలిన రెండూ తోసేశాడు.

సమానం.

అర్ర ఖాళీ అయింది. మంజులత వంటింట్లోంచి ఒక గింజను వేలితో నెట్టుకుంటూ పోయి అర్రలో పెట్టింది. పాచికలను ముట్టుకోనేలేదు.

తొండాట అందామంటే అమరేందర్‌కు సాకు దొరకలేదు. పొద్దుగూకేదాకా గొణుగుతూనే వాకిట్లో రేకులు కప్పి, మోటార్లన్నీ వాటి కిందికి మోశాడు.

సోమవారం ఆలేరువాళ్లు అర్రను కలియజూసి రైకలన్నీ అప్పజెప్పి వెళ్లారు. మంజులత మగ్గం ముందు కూర్చుంది. సంతోషానికి కళ్లలో నీళ్లు నిండి చాలాసేపు సూది కనబడలేదు.

అమరేందర్ గడప బయటే నిలబడ్డాడు.

"ఏందే, లోపలికి రావొచ్చా?"

"చేతులు కడుక్కోని రా. గిరీసు అంటితే పట్టు ఖరాబైతది."

అమరేందర్ సబ్బు తీసుకుని నల్లా దగ్గరికి నడిచాడు.