సాయవ్వ రంజన్, రామనాథం బంపరు

రామనాథం కారు ముందు నుంచి ఎలా ఉంటుందో ఆ గల్లీలో చాలామందికి తెలియదు. పఠాన్‌పురా గేటు లోపల అంత ఇరుకు గల్లీ మరి. ఇంటి పక్కనున్న ఖాళీ జాగాలో మూతి గోడకు ఆనేలా నిలబెట్టినా, కారు వెనక భాగం రెండడుగులు బయటికి పొడుచుకు వచ్చేది. అందుకని మిగతా కారంతా దేవుడికి వదిలేసి, ఆయన ఆ రెండడుగులకే కాపలా కాసేవాడు.

అది తొంభై ఏడో సంవత్సరం. ఉగాదికి, అక్కడివాళ్ళ గుడిపాడ్వా నాడు, నాగపూర్‌లో కారు కొని, వరోరా మీదుగా ఎడ్లబండి కంటే కాస్త వేగంగా నడుపుకుంటూ తెచ్చాడు. ముదురు నీలం రంగు. పాత కార్లకుండే ఇనుప బంపరు కాదు, కారు రంగే వేసిన నున్నటి ప్లాస్టిక్ బంపరు. వంగి చూస్తే మొహం కనబడేది. గోల్ బజార్‌లో వాళ్ళది తాత నాటి గిన్నెల దుకాణం. తళతళలాడే స్టీలు మధ్య పుట్టి పెరిగిన మనిషికి మెరుపు మీద మమకారం ఉండదా? పొద్దున దుకాణానికి వెళ్ళేముందు, మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు, మళ్ళీ సాయంత్రం, జేబులోంచి పసుపురంగు మెత్తటి గుడ్డ తీసి ఆ బంపరును తుడిచేవాడు. బొగ్గు లారీలు తిరిగే ఊరు, పొగగొట్టాలున్న ఊరు. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు.

నెల తిరక్కుండానే బంపరు మీద గీతలు పడ్డాయి. వెంట్రుక మందాన, ఎండ ఏటవాలుగా పడితే తప్ప కనబడని గీతలు. రామనాథానికి మాత్రం కళ్ళు మూసుకున్నా కనబడ్డాయి. సైకిళ్ళు తగులుతున్నాయేమోనని పాత టైరు ముక్కలు గోడకు వేలాడదీశాడు. మేకలు రాసుకుపోతున్నాయేమోనని పాత పరుపు ముక్క కోసి బంపరుకు తాళ్ళతో కట్టాడు. "సావుకారి కారుకు గోచి పెట్టిండు" అని గల్లీలో నవ్వుకున్నారు. అది చెవినబడి మూడోరోజే పరుపు విప్పేశాడు. గీతలు మాత్రం పెరిగాయి.

ఇక అనుమానించడానికి మిగిలింది సాయవ్వ నీళ్ళ రంజన్.

ఎదురింటి ఒంటిగదిలో ఉండే సాయమ్మను గల్లీ అంతా సాయవ్వ అనే పిలిచేది. ఏటా హోళీ మర్నాడు, రామనాథం ఇంటి గోడ మూలకు, నీడపట్టున ఇసుక పోసి, దానిమీద రంజన్ అనే పెద్ద మట్టి నీళ్ళకుండ కూర్చోబెట్టి, చుట్టూ తడిగోనె చుట్టేది. మూతమీద ఇత్తడి గ్లాసు. ఎవరూ పట్టుకుపోకుండా దానికొక సన్నటి గొలుసు. రిక్షావాళ్ళు, బొగ్గు లారీల హమాలీలు, గడ్‌చాందూర్ బస్సు దిగి బజారుకు వచ్చే ఆడవాళ్ళు అక్కడ ఆగి, కడుపునిండా తాగి, ముసలామెకు చెయ్యెత్తి దండం పెట్టి పోయేవారు. తెల్లవారగానే అడుగున మిగిలిన నీళ్ళు చెంబుతో తోడేసి, రంజన్ కడిగి కొత్త నీళ్ళు నింపేది. ఆ పాత నీళ్ళు మునుపు గల్లీ మట్టిమీద చల్లేది. కారు వచ్చాక బంపరు మీద పోయడం మొదలుపెట్టింది. రామనాథం గుడ్డ పట్టుకుని వచ్చేసరికి అది తడిసి ఉండేది. ఆయనకు ఒళ్ళు మండేది.

మే నెల మధ్యలో ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఆ మంట బయటపడింది. భోజనానికి వచ్చి చూస్తే బంపరు మీద కొత్త గీతలు నాలుగు. పక్కనే ముగ్గురు హమాలీలు నీళ్ళు తాగుతున్నారు.

"అవ్వా, ఇటు రా. గిదేంది?" అని కేకేశాడు.

"ఏంది బిడ్డా?" అంటూ సాయవ్వ వచ్చింది.

"నీ గ్లాసు గొలుసు ఊగుకుంట ఊగుకుంట నా బంపరంత గీకింది. కనబడ్తలేదా?"

"కండ్లు మసకలు బిడ్డా. గని గొలుసు మూరెడు సుత లేదు. ఆడిదాక అందుతదా?"

"అందకుంటె గీతలు యాడికెల్లి వచ్చినయి? నేనే గీసుకున్ననా?"

సాయవ్వ వంగి గొలుసును తడిమి చూసుకుంది. అది ఆయనకు ఒప్పుకోవడంలా తోచింది.

"పైంగ పొద్దుగాల్నె పాతనీళ్ళు తెచ్చి కుమ్మరిస్తవ్. తుప్పు పడ్తె ఎవలు జిమ్మేదార్?"

"బొగ్గు బూడిద కమ్ముకుంటుంది కద బిడ్డా. కొత్త వస్తువు, కడిగితె మంచిగుంటదని పోస్తున్న."

ప్లాస్టిక్‌కు తుప్పెలా పడుతుందని అడిగేవాడు అక్కడ ఒక్కడూ లేకపోయాడు. రామనాథం గొంతు ఇంకా లేచింది. "పుణ్యం చేస్కోవాలంటె నీ ఇంటి ముందట చేస్కో. నా గోడకాడ కాదు. రేపటికి తియ్యాలె!"

సాయవ్వ ఇంటి ముందు నిలువ నీడ లేదని ఆయనకు తెలుసు. తెలిసే అన్నాడు. తాగుతున్న హమాలీ సగం గ్లాసు మూతమీద పెట్టి, మూతి తుడుచుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లవారి రామనాథం కిటికీలోంచి చూశాడు. సాయవ్వ రంజన్ ఖాళీ చేస్తోంది. ఆఖరి చెంబు నీళ్ళు ఎప్పటిలాగే బంపరు మీద పోసి, అరచేత్తో ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లగా కడిగింది. తర్వాత ఖాళీ రంజన్‌ను పసిపిల్లను నడిపించినట్టు దొర్లించుకుంటూ ఇంట్లోకి తీసుకుపోయింది. "చెప్పినా వినదు, మొండి మనిషి" అనుకున్నాడు రామనాథం.

అంతలో రోహిణి కార్తె వచ్చింది. గల్లీలో మట్టి మీద కాలు పెడితే బొబ్బలెక్కేటట్టుంది. వచ్చేవాళ్ళు అలవాటుగా ఆ మూలకు వచ్చి, గుండ్రంగా ఎండిపోయిన ఇసుకను చూసి, ఒక్క క్షణం నిలబడి పోయేవారు.

"ఎంతమంది వచ్చి ఉత్తగ మర్లిపోతుండ్రో ఎరుకేనా మీకు?" అంది భార్య చంద్రకళ అన్నం వడ్డిస్తూ. "నేను కిటికి బందు చేసుకుంటున్న. చూడలేక."

రామనాథం తల వంచుకుని పప్పు కలుపుకున్నాడు. ఆయన బాధ వేరే ఉంది. గొలుసు పోయి పది రోజులైంది, గీతలు మాత్రం రెట్టింపయ్యాయి. ఇప్పుడు ఎండ అక్కర్లేకుండానే కనబడుతున్నాయి.

పదకొండో రోజు కారు తీసుకుని రంగులు వేసే బాపురావు షెడ్డుకు వెళ్ళాడు. బాపురావు మరాఠీ మనిషి, తెలుగు గిరాకీలతో కలిసిమెలిసి తెలుగు నేర్చినవాడు. ఉమ్మితో వేలు తడిచేసి బంపరు మీద రాసి, తల వాల్చి చూశాడు.

"సేఠ్, గొలుసు గీకితే లోతుగ పడుతది, అడ్డంతిడ్డం పడుతది. ఇవి చూడుండ్రి, అన్ని ఒక్క తీరు. చెయ్యి ఊపు ఎంతుందో గీత గంతే ఉంది. ఏ కపడాతో తుడుస్తరు?"

రామనాథం జేబులోంచి పసుపు గుడ్డ తీశాడు. బాపురావు దాన్ని మడతలు విప్పి దులిపాడు. నల్లటి సన్నటి బూడిద రాలింది. కారు సీటు మీదున్న దుకాణపు స్టీలు డబ్బా అందుకుని, దాని మూతమీద ఆ గుడ్డతో గట్టిగా రెండుసార్లు రుద్ది, ఎండకు పట్టి చూపించాడు. మెరిసే స్టీలు మీద అవే వెంట్రుక గీతలు.

రామనాథం ఆ మూత అందుకుని తానే ఎండకు తిప్పి చూశాడు. ఇరవై ఏళ్ళుగా దుకాణంలో కూర్చుని ప్రతి ఆడమనిషికీ చెప్పే మాట ఒకటుంది: "అక్కా, కొత్త గిన్నె బూడిదేసి తోమకుండ్రి, గీతలు పడ్తయి." ఊళ్ళో గిన్నెలన్నిటినీ బూడిద నుంచి కాపాడిన పెద్దమనిషి, తన కారును రోజుకు మూడుసార్లు బొగ్గు బూడిదతో తోముకున్నాడు.

"మొదలు నీళ్ళు పొయ్యాలె సేఠ్. బూడిద కడుక్కపోయినంక తుడవాలె," అని బాపురావు మళ్ళీ వంగి చూశాడు. "గని గమ్మతేందంటె, పాత గీతలు తక్కువ, కొత్తయి మస్తు. మొదట్ల ఎవలన్న రోజు కడిగేటోళ్ళా?"

రామనాథానికి అరచేత్తో బంపరు కడుగుతున్న ముసలి చెయ్యి కళ్ళముందు కదిలింది. నీళ్ళు పోసిన మనిషిని దొంగను చేశాను కదా అనుకున్నాడు. పాలిష్ కొట్టమంటారా అని బాపురావు అడుగుతున్నా వినిపించుకోకుండా కారెక్కాడు.

తప్పు తెలిసినంత మాత్రాన ఒప్పుకోవడానికి నోరు వస్తుందా? రామనాథం కూడా అడ్డదారే వెతికాడు. దుకాణానికి పోయి, కొళాయి ఉన్న పెద్ద స్టీలు డ్రమ్ము ఒకటి తీసుకుని సాయవ్వ గుమ్మంలో దింపాడు.

"అవ్వా, మట్టిది ఎందుకు, గిది పెట్టుకో. మూలకే పెట్టుకో."

సాయవ్వ డ్రమ్మును తడిమి చూసి చెయ్యి తీసేసింది. "ఈ ఎండలకు నీడల సుత కాల్తది బిడ్డా. ఉడుకు నీళ్ళు తాగి పోతరా పాపం?" అని, లోపలికి వెళ్ళి ఇత్తడి గ్లాసు తెచ్చింది. దానికి గొలుసు లేదు. "గొలుసు తెంపి పారేసిన. నీ కొత్త కారు నా కతన ఖరాబయిందని పది దినాల సంది అన్నం పోతలేదు. కండ్లు కనబడక ఎంత దూరముందో నేను చూసుకోలేదు. మాఫ్ చెయ్యి బిడ్డా."

రామనాథం గడప మీద కూర్చున్నాడు. ఆమె తిట్టినా బాగుండేది.

"మీ నాయిన ఆ మూలకు జాగ ఇయ్యకుంటె ఈ రంజన్ అప్పుడే లేకపోవు," అని ఆమె తనలో తాను చెప్పుకున్నట్టు చెప్పింది. "నా కొడుకు లక్ష్మయ్య బొగ్గుబాయిల మొదటి షిఫ్టు దిగి నడుసుకుంట వచ్చి, ఆ మూలకే కూలబడ్డడు. ఎండదెబ్బ. నీళ్ళు నీళ్ళు అంటుంటె నలుగురు చూసుకుంట పోయిండ్రట. నేను ఉరికొచ్చే వరకు అయిపోయిండు. పంతొమ్మిది ఎండకాలాలు ఒక్క దినం తప్పనియ్యలే. ఈ ఏడే తప్పింది."

"అవ్వా, నీ గొలుసు గీకలే," అన్నాడు రామనాథం. "నేనే గీసుకున్న. పొడిగుడ్డతోటి, బూడిదతోటి. నువ్వు నీళ్ళు పోసి కాపాడినవ్. తప్పు నాది."

సాయవ్వ గ్లాసును చేతిలో అటూ ఇటూ తిప్పింది. "అప్పుడు నలుగురి ముందట అంటివి బిడ్డా," అంది. "ఇప్పుడు నాలుగు గోడల నడుమ చెప్తున్నవ్."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే తట్టుకునేవాడేమో.

మర్నాడు రామనాథం దుకాణం తెరవలేదు. ఇసుక తడిపి, రంజన్ తానే మోసుకొచ్చి మూలకు పెట్టాడు. నీళ్ళు చంద్రకళ నింపింది. మిట్టమధ్యాహ్నం దాకా తువ్వాలు తలకు చుట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఆ ముగ్గురు హమాలీలు గల్లీ ఆ పక్కనుంచే పోతుంటే పిలిచాడు.

"వద్దు సేఠ్. మీ కారు కాడి నీళ్ళు మాకెందుకు?" అన్నాడు ఆనాడు గ్లాసు సగంలో దించినవాడు.

"ఆ గీతలు అవ్వ గీసినయి కావు, నేనే గీసుకున్న," అన్నాడు రామనాథం, గల్లీ అంతా వినేంత గట్టిగా. కిటికీలు తెరుచుకున్నాయి. "అవ్వను ఉత్తగ అన్న. తప్పయింది. తాగి పోండ్రి."

హమాలీ ఆయన వంక చూడలేదు. గుమ్మంలో ఉన్న సాయవ్వ వంక చూశాడు. ఆమె తల ఊపాక వచ్చి తాగాడు.

బరువు దిగిందనుకుని ఆ మర్నాడు రామనాథం పెందరాళే లేచి, గుడ్డ లేకుండా ఉత్తచేతులతో కారు దగ్గరికి వచ్చాడు. సాయవ్వ రంజన్ అడుగు నీళ్ళు చెంబులోకి తోడింది. అలవాటుగా బంపరు వైపు రెండడుగులు వేసి, ఆగిపోయింది.

"పొయ్యాల్నా బిడ్డా?" అని అడిగింది.

ఇన్నేళ్ళలో ఆ గల్లీలో నీళ్ళు పోయడానికి ఆమె ఎవరినీ అడిగి ఎరుగదు. "పొయ్యవ్వా," అన్నాడు రామనాథం.

సాయవ్వ పోసింది. ఇత్తడి గ్లాసు ఎక్కడ తగులుతుందోనని ఎడమచేత్తో ఛాతీకి అదిమిపట్టుకుని, చీరకొంగు కూడా ఆనకుండా, బారెడు దూరంలో నిలబడి పోసింది. అరచెయ్యి మాత్రం బంపరు మీద వెయ్యలేదు.